పురుగులు పెరిగితే సముద్రం బాగుపడినట్టా?

పాతరేవు_కుర్రాడు
మా ఊరి పక్కన ఒక పోర్టు ఉంది. పేరు చెప్పను, గొడవలొద్దు. దాన్ని ఇంకా పెంచుతారట, వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ. పర్యావరణ నివేదిక ఆరొందల పేజీల పైమాటే. నేను బీకాం. అందులో నాకు పూర్తిగా అర్థమైనవి రెండే, అట్టా, విషయసూచికా.

ఒక పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. సముద్రం అడుగున బురదలో ఉండే జీవుల్ని రెండుసార్లు లెక్కపెట్టారట. మొదటి దశ కట్టకముందోసారి, మొన్నామధ్య ఇంకోసారి. చదరపు మీటరుకి అప్పుడున్న వాటికి ఇప్పుడు మూడింతలు ఉన్నాయి కాబట్టి అడుగు జీవజాలం ఆరోగ్యంగా ఉంది, పోర్టు వల్ల ఏమీ కాలేదు అని తేల్చేశారు. మా చిన్నాన్న ముప్పై ఏళ్లుగా వేటకెళ్తున్నాడు. పోర్టు పక్కన వల అడుగు తగిలితే నల్ల బురద వస్తోందిరా, కుళ్లిన గుడ్డు కంపు, గుల్లలనేవి కంటికి కనపడటం మానేశాయి అంటాడు. వీళ్లిద్దరిలో ఎవరు రైటు? పురుగులు పెరగడం మంచిదే కదా?

తాటిచెట్టుకింద
మా వంటింట్లో బొద్దింకలు కూడా మూడింతలయ్యాయి. ఆరోగ్యంగా ఉన్నాం అని మా ఆవిడకి చెప్పి చూస్తాను.

జల్లెడమనిషి
సగం జవాబు పైన జోకులోనే వచ్చేసింది. మిగతా సగం నేను చెబుతాను. ఒకప్పుడు ఈ బురద జల్లించడమే నా పని. పీహెచ్‌డీ మధ్యలో వదిలేశాను, కంపు మాత్రం నన్ను వదల్లేదు.

పాత ఇల్లు పడగొట్టి వదిలేసిన స్థలం చూశారా? ఆర్నెల్లు తిరిగేసరికి నడుం ఎత్తున పచ్చగా ఉంటుంది. దగ్గరికెళ్తే అంతా వయ్యారిభామే. పెరట్లో ఉన్న వేప, జామ, గోరింట లేవు. మొక్కలు లెక్కపెడితే మాత్రం అంతకుముందు కన్నా వంద రెట్లు. సముద్రం అడుగున అచ్చంగా ఇదే జరుగుతుంది. మురుగు, చేపల వ్యర్థం, ఎరువు ఏదైనా సరే, కుళ్లే సరుకు అడుగున చేరేకొద్దీ బాక్టీరియా దాన్ని తింటూ ఆక్సిజన్ కాజేస్తుంది. ముందు పోయేవి నిదానంగా పెరిగే పెద్ద జీవులు, అంటే గుల్లలు, పెళుసు నక్షత్రాలు (సన్న చేతులుండే నక్షత్రపు చేప చుట్టాలు), లోతుగా బొరియలు తవ్వే రకాలు. ఖాళీ అయిన చోట చిన్న పురుగులు దిగుతాయి. నెలా నెలన్నరలో పెరిగి, పిల్లల్ని పెట్టి పోతాయి. సంఖ్య ఆకాశానికెళ్తుంది. అక్కడినుంచి ఇంకా చెడితే అవీ పోయి నల్ల బురద ఒక్కటే మిగులుతుంది.

పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే ఇద్దరు 1978లో ఈ క్రమాన్ని గీతలు గీసి చూపించారు. స్కాట్లండ్‌లో, స్వీడన్‌లో కాగితం గుజ్జు మిల్లుల మురుగు కలిసే చోట్ల చూసిందే చాలావరకు దానికి ఆధారం. జీవుల సంఖ్య గీత మురుగు వైపు వచ్చేకొద్దీ ఒక చోట కొండలా లేస్తుంది. రకాల గీత అక్కడికే బాగా కిందికి దిగిపోయి ఉంటుంది. మీ నివేదిక రాసినాయన ఆ కొండ ఎక్కి సంబరపడుతున్నాడేమోనని నా అనుమానం. సంఖ్య పక్కన రకాలెన్నో, బరువెంతో రాశారా?

పాతరేవు_కుర్రాడు
బరువు ఎక్కడా లేదు. రకాల జాబితా అనుబంధంలో ఉంది. పేర్లు నోరు తిరగట్లేదు, రాత్రికి టైపు చేసి పెడతాను.

రొయ్యలరాజు_భీమవరం
ఇది మాకు కొత్తేం కాదండీ. మా చెరువులో రోజూ చూసేదే. మేత నాలుగు రోజులు ఎక్కువ పడిందంటే అడుగు నల్లబడుతుంది, కాలు పెడితే బుడగలొస్తాయి, అదే కంపు. తెల్లారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే రొయ్యలు గట్టు పక్కకొచ్చి పైకి తేలతాయి. నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు వేసుకుంటాం, అడుగున గొలుసు లాగుతాం, ప్రోబయోటిక్ చల్లుతాం. సముద్రానికి ఏరియేటర్ ఎవరేస్తారు?

అన్నట్టు ఆ పురుగుల్ని అంత తీసిపారెయ్యకండి. హేచరీల్లో తల్లి రొయ్యలకి బతికున్న సముద్రపు పురుగులే పెడతారు, అవి తింటేనే గుడ్లు బాగా పెడతాయి. కాకపోతే వాటితో పాటు జబ్బులు కూడా వస్తాయి, అది వేరే ఏడుపు.

తాటిచెట్టుకింద
ఏ చర్చ మొదలెట్టినా రాజుగారు దాన్ని రొయ్య దగ్గరికి తీసుకొస్తారు.

రొయ్యలరాజు_భీమవరం
ఈసారి నేను తీసుకురాలేదు, అదే వచ్చింది.

సివిల్_సుబ్బు
నేను డ్రెడ్జింగ్ పనుల్లో పదిహేనేళ్లుగా ఉన్నాను కాబట్టి తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నా. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి గోడ కడితే దక్షిణాన పేరుకుంటుంది, ఉత్తరాన బీచ్ కోసుకుపోతుంది. విశాఖలో పూడిక ఇసుకని తీసి ఆర్‌కే బీచ్ వైపు పోయడం అందుకే. పూడిక తీయకపోతే ఓడ రాదు. అది సరే, అసలు విషయానికొస్తా. బురద నేల జీవులు నెలల్లోనే తిరిగి వస్తాయని మాకు ప్రతి నివేదికలోనూ రాస్తారు. అది అబద్ధమా? హుద్‌హుద్ 2014 అక్టోబరులో వచ్చి అడుగంతా కలియబెట్టి పోయింది. సముద్రం చచ్చిపోయిందా?

జల్లెడమనిషి
అబద్ధం కాదు సుబ్బుగారూ. అలలకి, తుఫాన్లకి రోజూ కదిలే బురద నేలలో ఉండేవే ఆ దెబ్బలకి అలవాటుపడ్డ జీవులు. అలాంటి చోట నెలల్లో తేరుకోవడం నిజమే. గులకరాళ్లు, గుల్లల దిబ్బలు ఉన్న నేల అయితే ఏళ్లు పడుతుంది. తేడా ఎక్కడంటే, తుఫాను ఒక రోజు వచ్చి పోతుంది. మీరు ప్రతి ఏడూ వస్తారు. అది తేరుకునే లోపే మళ్లీ డ్రెడ్జర్ దిగుతుంది కాబట్టి అక్కడ ఎప్పుడు చూసినా మొదట దిగే రకాలే కనిపిస్తాయి. వయ్యారిభామని దాటి జామ మొలిచే టైమే ఉండదు.

ఇంకోటి, తేరుకోవడం అనేది ఆ జీవి పిల్లల్ని ఎలా పంపుతుందో దాని మీద కూడా ఉంటుంది. 1978 మార్చిలో ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరాన అమోకో కాడిజ్ అనే ట్యాంకరు విరిగి రెండు లక్షల టన్నులకు పైగా ముడి చమురు పోయింది. దగ్గర్లో మోర్లె అఖాతం ఉంది. అక్కడి సన్నని ఇసుక నేలలో ఆంపెలిస్కా అని రొయ్యకి దూరపు చుట్టం, మిల్లీమీటర్లలో ఉండే జీవి, కుప్పలు తెప్పలుగా ఉండేది. దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మళ్లీ మునుపటిలా కావడానికి పదేళ్లకు పైగా పట్టింది. అది పిల్లల్ని నీటిలోకి వదలదు, పొట్ట కింద సంచిలో మోసి పక్కనే దింపుతుంది. అందుకే పక్క ఊరి నుంచి వలస వచ్చే దారి లేదు, మిగిలిన నాలుగైదు కుటుంబాలే మళ్లీ ఊరు నింపాలి.

ఆల్చిప్ప
మాది కాకినాడ పక్క. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల వీధిలో బుడిత గుల్లల గుట్టలుండేవి. మాంసం తీసుకున్నాక చిప్పలు సున్నం బట్టీకి పోయేవి. మా పెంకుటింటి గోడలకి గుల్ల సున్నమే. ఒక ఏడు గోదావరి పెద్దగా వచ్చింది. ఎర్రనీళ్లు బేలోకి దిగి వారాల తరబడి ఉప్పు విరిగిపోయింది. ఆ తర్వాత అమ్మమ్మతో వెళ్లి చూస్తే గుల్లలన్నీ నోళ్లు తెరిచి ఉన్నాయి. కాలు పెడితే బురద కాదు, వాసన తగిలేది. రెండు మూడేళ్లకి మళ్లీ వచ్చాయి. వాటిని చంపింది పోర్టు కాదు, ఫ్యాక్టరీ కాదు, దేవుడు పంపిన వరదే. అంటే చచ్చినప్పుడల్లా ఎవరో చంపారనుకోనక్కర్లేదు అని నా ఉద్దేశం.

కడలితల్లి
ఆల్చిప్ప గారూ, ఇలాంటి మాటలే కంపెనీలకి కావాలి. ప్రకృతి వల్ల అని చెప్పి తప్పించుకుంటారు.

ఆల్చిప్ప
నేను చూసింది చెప్పానండీ. ఎవరికి కావాలో చూసుకుని మాట్లాడితే అమ్మమ్మ ఊరుకోదు.

నీరిస్_మాస్టారు
ఇంటర్‌లో ముప్పై రెండేళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. అందుకే ఈ పేరు. నీరిస్ అనే సముద్రపు పురుగు పార్శ్వపాదం (పక్క కాలు) బొమ్మ గీయలేక ఏడ్చిన పిల్లలు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి.

ఈ కథ మన ఇంట్లోనే జరిగింది, స్కాట్లండ్ దాకా ఎందుకు. విశాఖ లోపలి హార్బరు 1933లో తెరిచారు. ఆటుపోట్లకి మునిగే చిత్తడి నేలని తవ్వి చేసింది. నోరు ఇరుకు, డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా ఒకే కాలువ. అందువల్ల లోపలికి వచ్చిన మురుగు త్వరగా బయటికి పోదు. మేఘాద్రిగెడ్డ నీళ్లూ దాన్లోకే. చుట్టూ ఊరు పెరిగింది, ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీలో పి.ఎన్. గణపతి గారని మహానుభావుడు. ఆయన, ఎ.వి. రామన్ గారు కలిసి ఈ హార్బరు బురదలోని పాలీకీట్ల మీద, అంటే నీరిస్ జట్టు పురుగుల మీద, 1983లో పేపరు వేశారు, మెరైన్ పొల్యూషన్ బులెటిన్ అనే పత్రికలో. మురుగు దగ్గర్లో రాజ్యం ఎవరిదయ్యా అంటే క్యాపిటెల్లాది. బయటి సముద్రం వైపు వచ్చేకొద్దీ రకాలు పెరుగుతాయి. మెమరీ కార్డుల్లేని రోజుల్లో, పడవలోంచి బురద తీసే గ్రాబ్ డబ్బా తాడు చేత్తో లాగి చేసిన పని అది.

క్యాపిటెల్లా అంటే ఏమిటో చూడనివాళ్లకి: ఎర్ర దారం ముక్క, అంతే. ఒంట్లో మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే ఉంటుంది, అందుకే ఆ ఎరుపు, అందుకే తక్కువ ఆక్సిజన్‌లోనూ నెట్టుకొస్తుంది.

తాటిచెట్టుకింద
చెయ్యి ఎత్తాను మాస్టారూ. పార్శ్వపాదం నాకు బెండకాయ ముక్కలా వచ్చేది.

నీరిస్_మాస్టారు
దానికి కూడా అర మార్కు వేసేవాణ్ణి బాబూ.

హూస్టన్_పద్మ
మేముండేది గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున. ఇక్కడ ఇది ఏటా వేసవి వార్త. మిసిసిపి నది మొక్కజొన్న పొలాల ఎరువంతా మోసుకొచ్చి లూసియానా దగ్గర వదులుతుంది. పైన తేలికైన మంచినీళ్లు, కింద బరువైన ఉప్పునీళ్లు, మధ్యలో మూత పెట్టినట్టు కలవవు. పైన పాచి పెరిగి చచ్చి కిందికి రాలుతుంది, కింద ఆక్సిజన్ అయిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే డెడ్ జోన్ అంటారు. 1985 నుంచి కొలుస్తున్నారు. 2017లో 22,730 చదరపు కిలోమీటర్లు ఉంది, అంతవరకు కొలిచిన వాటిలో అదే పెద్దది. మన పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపినా దానికి కొంచెం తక్కువే.

డైవర్లు తీసిన వీడియో ఒకటి చూశాను. ఈత వచ్చినవి, అంటే చేపలు, రొయ్యలు, ముందే పారిపోతాయి. ఆక్సిజన్ ఇంకా తగ్గితే బురదలో దాక్కున్నవి బయటికి వస్తాయి. పురుగులు సగం బయటికి వేలాడుతూ, పెళుసు నక్షత్రాలు చేతులు పైకెత్తి ఒకదాని మీద ఒకటి. ఎప్పుడూ బొరియ దాటనిది బొరియ దాటి బయట పడుకుందంటే లోపల ఊపిరాడట్లేదన్నమాట. ఆ తర్వాత అడుగంతా తెల్లటి బూజులా బాక్టీరియా పొర. అది చూసిన రోజు రాత్రి అన్నం సహించలేదు.

దీనికి పండగ కూడా ఉంది, నమ్మరు. ఇక్కడికి తూర్పున అలబామా రాష్ట్రంలో మొబైల్ బే అని ఉంది. వేసవిలో కొన్ని రోజులు తెల్లవారకముందు, తూర్పు గాలి మెల్లగా వీస్తూ పోటు వచ్చే వేళ, ఆక్సిజన్ లేని అడుగు నీళ్లు ఒడ్డుకి నెట్టుకొస్తాయి. పీతలు, చదును చేపలు, రొయ్యలు ప్రాణం కోసం ఒడ్డంట చీలమండల లోతులో చేరతాయి. జనం బకెట్లు, లాంతర్లు పట్టుకుని వచ్చి ఏరుకుంటారు. ఒకరికొకరు ఫోన్లు చేసి లేపుకుంటారు. జూబిలీ అని పేరు. మా పక్కింటావిడ అక్కడి మనిషే, చిన్నప్పటి సంబరం లాగా చెబుతుంది.

రొయ్యలరాజు_భీమవరం
మా చెరువులో అయితే దాన్ని జూబిలీ అనం మేడం, అప్పు అంటాం.

పాతరేవు_కుర్రాడు
రాజుగారూ నవ్వలేక చచ్చాను. ఇదిగో జాబితా. రెండో సర్వేలో పోర్టు బేసిన్ దగ్గరి పాయింట్లలో క్యాపిటెల్లా, పారాప్రయోనోస్పియో అనే ఇంకో పురుగు, ఈ రెండే ముప్పాతిక పైన. గుల్లలు లేవు. మొదటి సర్వేలో అదే చోట పేర్లు చాలా ఎక్కువ ఉన్నాయి, కానీ ఒక్కొక్కటి తక్కువ తక్కువ.

కడలితల్లి
ఇంకేం కావాలి? క్యాపిటెల్లా ఉందంటే సముద్రం చచ్చినట్టే. ఈ ఒక్క కాగితంతో కోర్టుకెళ్లండి, పోర్టు మూయించొచ్చు.

జల్లెడమనిషి
అంత తొందర వద్దు. క్యాపిటెల్లా ఒకటి రెండు ఎక్కడైనా దొరుకుతాయి. మడ అడవుల పాయల్లో ఆకులు కుళ్లే చోట మురుగు చుక్క లేకపోయినా ఉంటాయి. నదీముఖాల్లో ఉండే జీవులకి ఉప్పు మారుతూ ఉండటం, బురద కదులుతూ ఉండటం మామూలే, కాబట్టి శుభ్రమైన నదీముఖం కూడా లెక్కల్లో కలుషితమైనట్టే కనిపిస్తుంది. ఆల్చిప్ప గారు చెప్పిన వరద అదే. పైగా క్యాపిటెల్లా అనేది ఒక్క జాతి కూడా కాదు. 1969లో అమెరికాలో వెస్ట్ ఫాల్మత్ దగ్గర డీజిల్ బార్జి పగిలి నూనె పోయాక ఈ పురుగులు విపరీతంగా పెరిగాయి. గ్రాసల్ దంపతులని ఇద్దరు శాస్త్రవేత్తలు వాటిని పెంచి చూసి, కంటికి ఒకేలా కనిపించే ఈ దారప్పోగులు కనీసం ఆరు వేర్వేరు జాతులని 1976లో తేల్చారు. పేరు ఒకటి, మనుషులు ఆరుగురు.

నీరిస్_మాస్టారు
ఆ మాట నేను చెబుదామనుకున్నా, ముందే చెప్పేశారు.

జల్లెడమనిషి
క్షమించండి మాస్టారూ. కుర్రాడు గారూ, ఒక్క సాయం చేయండి. రెండు సర్వేల్లో ఏ నెలలో తీశారు, ఎన్ని గ్రాబ్‌లు, జల్లెడ కన్ను ఎంత? ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సివిల్_సుబ్బు
జల్లెడ కన్నా? దానికీ దీనికీ సంబంధం ఏంటి?

జల్లెడమనిషి
అంతా దాన్లోనే ఉంది. ఎలా తీస్తామో చెబుతా. గ్రాబ్ అంటే రెండు దవడల ఇనప డబ్బా, జేసీబీ బకెట్లు రెండు ఎదురెదురుగా పెట్టినట్టు. తాడుతో దింపితే అడుగు తగలగానే దవడలు వదులై, పైకి లాగేటప్పుడు మూసుకుంటాయి. పెద్దదైతే చదరపు మీటరులో పదో వంతు నేలని కరుచుకొస్తుంది. మధ్యలో చిప్ప ముక్క అడ్డం పడితే నోరు మూసుకోదు, బురదంతా దారిలోనే కారిపోతుంది, మళ్లీ వెయ్యాలి. పడవ మీద ఆ ముద్దని జల్లెడలో వేసి సముద్రపు నీళ్లే మెల్లగా పోస్తాం. గట్టిగా పోస్తే పురుగులు తెగిపోతాయి. బురద పోయాక పెంకులు, పురుగుల గూళ్ల పీలికలు, ఎర్రటి పోగులు మిగులుతాయి. దాన్ని ఫార్మలిన్‌లో వేసి రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు కలుపుతాం. మర్నాటికి ప్రాణమున్నవన్నీ గులాబీ రంగులో, చెత్త చెత్త రంగులో. అప్పుడు పళ్లెంలో పోసుకుని, చేటలో బియ్యం ఏరినట్టు ఏరడమే. ఒక్క సీసాకి ఒక పూట.

జల్లెడ కన్ను 1 మిల్లీమీటరు అయితే సన్న పురుగులు, పిల్లలు బురదతో పాటు జారిపోతాయి. అర మిల్లీమీటరు అయితే ఆగుతాయి. అదే బురద, అదే రోజు, జల్లెడ మారిస్తే సంఖ్య రెండు మూడింతలు అయిపోగలదు.

పాతరేవు_కుర్రాడు
పేజీ కింద దొరికింది. మొదటి సర్వే: 1 మిల్లీమీటరు, డిసెంబరు. రెండోది: 0.5 మిల్లీమీటరు, మే.

పాతరేవు_కుర్రాడు
అంటే మూడింతలు అన్నది???

జల్లెడమనిషి
జల్లెడ మారడంతో పుట్టిన లెక్క. కొంతో గొప్పో. దానికి తోడు డిసెంబరుకి మేకి నీళ్లే వేరు. వేసవిలో మన తీరాన అడుగు నీళ్లు పైకొచ్చే రోజులు అవి. ఏ నెలలో పిల్లలు దిగాయో దాన్ని బట్టి లెక్క ఎగురుతుంది. ఆ రెండు సంఖ్యల్ని పక్కపక్కన పెట్టడమే తప్పు.

తాటిచెట్టుకింద
మా ఆవిడ కూడా అదే అంది. కళ్లజోడు మార్చాక బొద్దింకలు ఎక్కువ కనిపిస్తున్నాయట.

సివిల్_సుబ్బు
ఇప్పుడు వాళ్ల వాదనతో పాటు కడలితల్లి గారి వాదన కూడా కొట్టేశారు. పోర్టు వల్ల క్యాపిటెల్లా పెరిగిందనీ అనలేం. మొదటిసారి జల్లెడలోంచి జారిపోయి ఉండొచ్చు కదా.

జల్లెడమనిషి
అవును. నిజం చెబితే ఇద్దరికీ నచ్చదు, నా పీహెచ్‌డీ అందుకే ఆగింది. కానీ అన్నీ జారిపోవు. గుల్లలు జారవు. మొదటిసారి 1 మిల్లీమీటరు జల్లెడలో ఆగిన గుల్లలు అంతకన్నా సన్న జల్లెడలో ఆగకపోవడం అనేది ఉండదు. అవి లేవంటే లేవన్నమాటే. మీ చిన్నాన్న మాట అక్కడ నిలబడుతుంది. రకాలు కూడా అంతే. సన్న జల్లెడకి పేర్లు పెరగాలి గానీ తగ్గకూడదు. ఇక్కడ తగ్గాయి.

రొయ్యలరాజు_భీమవరం
అబ్బ. ఇది బాగుంది.

సివిల్_సుబ్బు
ఒప్పుకుంటా. అయినా నెల తేడా ఉంది కదా, గుల్లలు ఏడాదంతా ఉండవా?

ఆల్చిప్ప
పెద్ద గుల్ల డిసెంబరులో ఉంటే మేలోనూ ఉండాలండీ, వరద వస్తే తప్ప. మేలో మాకు వరదలు రావు.

జల్లెడమనిషి
కుర్రాడు గారూ, రెండో సర్వేలోనే పోర్టుకి దూరంగా ఏదైనా పాయింటు తీశారా? ఒకే నెల, ఒకే జల్లెడ కాబట్టి దాంతో పోల్చొచ్చు.

పాతరేవు_కుర్రాడు
ఉంది. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒకటి. అక్కడ పేర్లు పేజీ నిండా ఉన్నాయి, గుల్లలు, పెళుసు నక్షత్రాలు, మీరు చెప్పిన రొయ్య చుట్టాలు. మొత్తం సంఖ్య మాత్రం పోర్టు దగ్గరి కన్నా తక్కువ. మీరు చెప్పిన కొండ బొమ్మ లాగే.

సివిల్_సుబ్బు
ఆగండాగండి. అక్కడ లోతు ఎంత, నేల ఏంటి? ఇసుకా, బురదా? ఇసుక నేల జీవులు వేరు, బురద నేలవి వేరు అని మీరే అంటారు.

పాతరేవు_కుర్రాడు
...ఇసుక అని రాశారు. పోర్టు దగ్గర బురద.

తాటిచెట్టుకింద
సుబ్బుగారు ఇవాళ సెంచరీ కొట్టారు.

జల్లెడమనిషి
కొట్టారు. మామిడి తోటని వరి పొలంతో పోల్చినట్టు అయింది. మధ్యలో పాయింట్లు ఉన్నాయా, బురద నేలవి?

పాతరేవు_కుర్రాడు
రెండు కిలోమీటర్ల దగ్గర ఒకటి ఉంది, బురద, లోతు కూడా దాదాపు అంతే. అక్కడ క్యాపిటెల్లా కొద్దిగా, మిగతావి ఓ మోస్తరు, చిన్న గుల్లలు ఉన్నాయి.

జల్లెడమనిషి
ఇదే మీ పాయింటు. ఎనిమిది కిలోమీటర్లది మర్చిపోండి. ఒకే నేల, ఒకే లోతు, ఒకే నెల, ఒకే జల్లెడ. రెండు కిలోమీటర్లలో ఇంత తేడా ఎందుకు అని అడగండి. ఒక్క పాయింటుతో నేరం రుజువవదు, కానీ ప్రశ్న అడగడానికి చాలు. బరువు ఎందుకు తూచలేదో కూడా అడగండి. వార్విక్ అని బ్రిటన్ ఆయన 1986లో ఒక పద్ధతి చెప్పాడు. బాగున్న అడుగులో బరువంతా కొన్ని పెద్ద జీవులది, సంఖ్య మాత్రం చిన్నవాటిది. చెడిన చోట సంఖ్యా, బరువూ రెండూ చిన్నవాటివే. తక్కెడ ఒకటి ఉంటే తెలిసిపోయేది. ఇంకా తేలిగ్గా కావాలంటే జీవుల్ని ఎంత ఓర్చుకుంటాయో దాన్ని బట్టి ఐదు గుంపులు చేసి మార్కులేసే సూచిక ఉంది, స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం వాళ్లు 2000లో చేశారు. యూరప్‌లో బాగా వాడతారు. మన సముద్రపు జీవులకి దాన్ని ఉన్నదున్నట్టు అతికించడం మీద నాకు అభ్యంతరాలున్నాయి, అది ఇంకో రోజు.

నీరిస్_మాస్టారు
ఓడల రంగు సంగతి కూడా ఒక ముక్క. ఓడ అడుగుకి గుల్లలు, పాచి పట్టకుండా ట్రైబ్యూటైల్ టిన్ కలిపిన రంగు వేసేవారు. ఇంగ్లండ్‌లో రేవుల దగ్గర ఆడ నత్తలకి మగ అవయవాలు మొలిచాయి, పిల్లల్ని కనలేక చాలా చోట్ల మాయమయ్యాయి. ఈ రంగు మీద ప్రపంచమంతా నిషేధం 2008లో అమల్లోకి వచ్చింది. రంగు ఆగింది గానీ పాత రేవుల బురదలో పడ్డది అక్కడే ఉంటుంది. పూడిక తీసి ఎక్కడో పోస్తే అదీ అక్కడికి పోతుంది. తీసిన బురద ఎక్కడ పోస్తారో, దాన్ని పరీక్ష చేశారో లేదో అడుగు బాబూ.

సివిల్_సుబ్బు
ఇది మంచి ప్రశ్న. మా వైపు నుంచి కూడా చెబుతున్నా, పోసే చోటు మ్యాపు అడగండి. ఉంటుంది, ఇవ్వాలి.

కడలితల్లి
ఇవన్నీ ఇంగ్లీషులో ఉంటే ఊళ్లో ఎవరికి అర్థమవుతాయి? పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్ ప్రకారం సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలి. ముందు అది ఇచ్చారో లేదో చూడండి. నేను పొద్దున కొంచెం ఆవేశపడ్డాను, కానీ ఇది మాత్రం ఖాయం.

పాతరేవు_కుర్రాడు
ఇచ్చారు, పన్నెండు పేజీలు. అందులో పురుగుల గురించి ఒకే వాక్యం, "సముద్ర అధస్థల జీవరాశి వృద్ధి చెందినది" అని. చిన్నాన్నకి చదివి వినిపిస్తే వృద్ధి చెందితే నా వలలోకి ఎందుకు రాలేదో అడగరా అన్నాడు.

హూస్టన్_పద్మ
మీ చిన్నాన్ననే మైకు దగ్గరికి పంపండి.

ఆల్చిప్ప
మార్పు వస్తే ఎప్పుడూ చెడే అని కూడా అనుకోవద్దని ఒక్క మాట. మా పెదనాన్న వాళ్లు ఒడిశాలో చిలికా సరస్సు వైపు వేటకెళ్లేవాళ్లు. 2000 సెప్టెంబరులో అక్కడ సముద్రానికి కొత్త నోరు తవ్వారు. ఉప్పు తిరిగొచ్చింది, గుర్రపుడెక్క తగ్గింది, చేప, పీత, రొయ్య పెరిగాయి. అదీ తవ్వకమే మరి.

జల్లెడమనిషి
నిజమే. అది ఊపిరి తిరగడానికి తవ్వింది. ఎందుకు తవ్వుతున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

పాతరేవు_కుర్రాడు
చిన్నాన్న ఇంకో మాటన్నాడు. వాళ్లు లెక్కపెడితే వాళ్ల లెక్క, మనమే తీద్దాం, పడవ నాది అన్నాడు. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, ఆ లోపు చిన్నాన్న ఖాళీయే, పైగా నెలా మేయే. వెళ్లేది ఇంజను లేని నాటు పడవలో, దానికి నిషేధం లేదట, అడిగాను. గ్రాబ్ లేదు. ఏం చెయ్యొచ్చు?

జల్లెడమనిషి
రెండు మనుషుల లోతులోపే అయితే గ్రాబ్ అక్కర్లేదు. లోపలిది బయటికి కనిపించే నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, ఒక చివర రబ్బరు మూత. ఈత బాగా వచ్చినవాడు మునిగి బురదలోకి గుచ్చి, మూత పెట్టి లాగితే సరిపోతుంది. రెండు కిలోమీటర్ల చోట ఐదు, పోర్టు దగ్గర ఐదు, పోర్టు బయటి హద్దు దాటి లోపలికి వెళ్లకుండా. పైపు పక్కనుంచి చూడండి ముందు. బురద గోధుమరంగు ఎన్ని అంగుళాల వరకు ఉంది, నల్లరంగు ఎక్కడ మొదలైంది అని స్కేలు పెట్టి ఫోటో తీయండి. కింది దాకా గోధుమ రంగు ఉందంటే బొరియలు తవ్వేవాళ్లు గాలి ఆడిస్తున్నారని అర్థం. పైనుంచే నలుపైతే మీ చిన్నాన్న ముక్కు కరెక్టే. ఇది అధికారిక లెక్క కాదు, మైకు దగ్గర చూపించడానికి ఫోటో.

జల్లెడ నా దగ్గర అర మిల్లీమీటరుది ఉంది. విశాఖలో ఉంటాను, వచ్చి తీసుకెళ్లండి. ఒక మూల చిన్న బెజ్జం ఉంది, ఎం-సీల్ పెట్టాను, అక్కడ నీళ్లు గట్టిగా పోయకండి.

నీరిస్_మాస్టారు
ఏరిన వాటిని సీసాల్లో తెస్తే గుర్తుపట్టి పెడతాను. నా మైక్రోస్కోపు ఇంకా పనిచేస్తోంది, నేనూ పనిచేస్తున్నాను. ఫార్మలిన్ మాత్రం ఆర్టీసీ బస్సులో తేవద్దు, ఒకసారి నేను తెచ్చి కండక్టరు చేత సింహాచలం దగ్గర దించేయించుకున్నాను.

పాతరేవు_కుర్రాడు
శనివారం వస్తాను జల్లెడ గారూ, మూలన పోయను. చిన్నాన్న అడుగుతున్నాడు, ఈ పురుగులు ఎరకి పనికొస్తాయా అని.

రొయ్యలరాజు_భీమవరం
బతికున్నవి మిగిలితే నాకు ఫోన్ చెయ్యమనండి.